బూడిద, చెరువు మట్టితో గ్లేజు తయారీ: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఆవకాయ జాడీకీ మంచినీళ్ళ కుండకీ ఉన్న తేడా వేలితో తాకితేనే తెలిసిపోతుంది. కుండ గోడ నీటిని పీల్చుకొని బయటికి చెమరుస్తుంది, అందుకే అందులో నీళ్ళు చల్లగా ఉంటాయి. జాడీ గోడ మాత్రం నూనెను గానీ ఉప్పును గానీ లోపలికి రానివ్వదు, ఎందుకంటే దాని మట్టి బాగా ఎక్కువ వేడికి కాలి రాయిలా బిగిసింది, దానిమీద గాజులాంటి పూత కరిగి అతుక్కుపోయింది. ఆ పూత పేరే గ్లేజు. పొడి రూపంలో కొనుక్కొనే గ్లేజుల సంగతి అలా ఉంచితే, కట్టెల పొయ్యిలో మిగిలిన బూడిదనూ ఊరి చెరువులోంచి తెచ్చిన మట్టినీ కలిపి కూడా నిలకడైన గ్లేజు చేసుకోవచ్చు. చైనా కుమ్మరులు మూడు వేల ఏళ్ళకు పూర్వమే ఈ పని చేశారు. బట్టీలో కట్టెల బూడిద మంటతో పాటు ఎగిరి పాత్రల భుజాలమీద పడి, అక్కడి మట్టితో కలిసి కరిగి మెరవడం చూసి, ఆ బూడిదనే నీళ్ళలో కలిపి కావాలని పూయడం వారు నేర్చుకున్నారు. సెలడాన్ అని పిలిచే లేత ఆకుపచ్చ చైనా పాత్రలు ఈ బూడిద గ్లేజుల వంశంలోనివే. కాకతీయుల కాలపు రేవు మోటుపల్లిలో జరిపిన తవ్వకాల్లో చైనా పాత్రల పెంకులు దొరికాయి కాబట్టి, ఆ పూతను తెలుగు నేల చూడకపోలేదు.

ముందుగా వేడి సంగతి

ఈ పనికి దిగేవారిలో ఎక్కువమంది మొదటి పొరపాటు ఇక్కడే చేస్తారు. మన ఊళ్ళలో కుమ్మరి ఆవం సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడెక్కుతుంది. బూడిద గ్లేజు సరిగా కరగాలంటే 1,220 నుంచి 1,290 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో మామూలు ఎర్రమట్టి కుండను పెడితే అది ఉబ్బి, వంగి, చివరికి బట్టీ పలకమీద నల్లని ముద్దగా కూలబడుతుంది. అందువల్ల కుండ ఒంటికి స్టోన్‌వేర్ మట్టి వాడాలి. తెల్లమట్టి, ఫైర్‌క్లే (వేడికి తట్టుకొనే మట్టి), బాల్‌క్లే (జిగురెక్కువున్న సన్నని మట్టి) వంటివి కలిపి చేసిన ఈ మట్టి అంత వేడిలోనూ నిలబడుతుంది. బాల్‌క్లే నిక్షేపాలు పాత పశ్చిమ గోదావరి జిల్లాలోని ద్వారకా తిరుమల పరిసరాల్లో ఉన్నాయి. మొదటిసారి చేసేవారు కలిపి సిద్ధం చేసిన స్టోన్‌వేర్ మట్టిని కొనుక్కోవడమే మేలు, ఎందుకంటే గ్లేజునూ మట్టినీ ఒకేసారి పరీక్షిస్తే తప్పు దేనిదో తేలదు.

అయితే ఎర్రమట్టి పనికిరానిదని దీని అర్థం కాదు. అంత వేడిలో కరిగిపోవడం కుండకు లోపం, గ్లేజుకు మాత్రం అదే కావలసిన గుణం. చెరువు మట్టిలోని ఇనుము, సున్నం, క్షారాలు దాన్ని త్వరగా కరిగిస్తాయి. కుండగా నిలవలేని మట్టి పూతగా నిలుస్తుంది. ఈ మార్గదర్శిలో చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

గ్లేజులో మూడు పనులు జరగాలి. గాజుగా మారేది సిలికా, అంటే పలుగురాయిలోనూ ఇసుకలోనూ ఉండే పదార్థం. అది ఒంటరిగా కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి కాబట్టి, దాన్ని తక్కువ వేడికే కరిగించే ద్రావకం కావాలి. కరిగినది గోడమీద నుంచి జారిపోకుండా పట్టి ఉంచడానికి అల్యూమినా కావాలి. కట్టెల బూడిదలో సున్నం ఎక్కువ, పొటాష్, మెగ్నీషియా, కొద్దిగా ఫాస్ఫరస్ కూడా ఉంటాయి కాబట్టి అది ద్రావకం. మట్టిలో సిలికా, అల్యూమినా రెండూ ఉంటాయి, ఎర్రమట్టి అయితే రంగునిచ్చే ఇనుము అదనం. ఈ లెక్కన బూడిద, మట్టి అనే రెండు వస్తువులతోనే మూడు పనులూ పూర్తవుతాయి.

బూడిద సేకరణ

ఎండిన కట్టె బరువులో బూడిదగా మిగిలేది నూటికి ఒక వంతు కూడా ఉండకపోవచ్చు. బెరడులో కాస్త ఎక్కువ ఉంటుంది. క్వింటాలు కట్టెలు కాలిస్తే కిలో బూడిద కూడా రాదన్నమాట. అందుకని బూడిద కోసమే కట్టెలు కాల్చడం కంటే, ఎలాగూ కట్టెలు కాలే చోటు వెతుక్కోవాలి. పెళ్ళిళ్ళలో వంటలు చేసే గాడిపొయ్యి, కట్టెలతో నడిచే హోటలు పొయ్యి, బేకరీ బట్టీ మంచి వనరులు. తుమ్మ, చింత, వేప, మామిడి, సరుగుడు ఏదైనా సరే, సాధ్యమైనంత వరకు ఒకే రకం కట్టె బూడిదను ఒకేచోట చేర్చండి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మేకులున్న పెట్టె చెక్కలు, రసాయనం పట్టించిన కలప కాలిన బూడిదను ముట్టుకోవద్దు. అందులో సీసం, ఆర్సెనిక్ వంటి విషపదార్థాలు ఉండవచ్చు. చెత్త తగలబెట్టిన పొయ్యి బూడిద కూడా పనికిరాదు.

ఒక చెట్టు బూడిదకూ మరో చెట్టు బూడిదకూ పొంతన ఉండదు, అదే చెట్టు వేరే నేలలో పెరిగినా తేడా వస్తుంది. కాబట్టి కనీసం పది కిలోలు పోగయ్యేదాకా ఆగి, మొత్తాన్ని ఒక్క రాశిగా కలిపి, దానికి ఒక పేరు పెట్టండి. వంద గ్రాముల బూడిదతో అద్భుతమైన గ్లేజు సాధించి, ఆ బూడిద మళ్ళీ దొరకక విచారించడం ఈ పనిలో అందరికీ ఒకసారి జరిగేదే. నాకు రెండుసార్లు జరిగింది.

గడ్డి జాతి బూడిదల దారి వేరు. వరి ఊక, వరిగడ్డి, చెరకు పిప్పి, వెదురు ఆకు బూడిదల్లో సున్నం తక్కువ, సిలికా చాలా ఎక్కువ. వరి ఊక బూడిదలో నూటికి 85 నుంచి 95 వంతుల దాకా సిలికాయే ఉంటుంది. దాన్ని ద్రావకంగా వాడలేము, పలుగురాయి పొడికి బదులుగా వాడవచ్చు. దాని సంగతి తర్వాత చూద్దాం.

కడగడమా, మానడమా?

పొడి బూడిదను ముందు పెద్ద కన్నాల జల్లెడతో పట్టి బొగ్గులు, రాళ్ళు తీసివేయండి. ఈ పని ఆరుబయట, గాలి వాలు చూసుకొని, ఎన్-95 మాస్కు, కళ్ళద్దాలు, రబ్బరు చేతి తొడుగులతో చేయాలి. బూడిద అనగానే అంట్లు తోమే వస్తువే కదా అనిపిస్తుంది గానీ, తాజా బూడిద నీళ్ళు గాఢమైన క్షారం. వేళ్ళకు జారుడుగా తగిలిందంటే మన చర్మంలోని కొవ్వే సబ్బుగా మారుతోందని అర్థం.

ఒక వంతు బూడిదకు నాలుగైదు వంతుల నీళ్ళు ప్లాస్టిక్ బకెట్‌లో తీసుకోండి. అల్యూమినియం పాత్ర వాడితే క్షారం దాన్ని తినేస్తుంది. బూడిదను నీళ్ళలో వేయాలి గానీ బూడిదమీద నీళ్ళు పోయకూడదు. బాగా కలిపి, పైకి తేలిన బొగ్గు పొడిని తీసేసి, రాత్రంతా కదపకుండా ఉంచితే బూడిద అడుగుకు చేరుతుంది. పైన తేరిన పసుపుపచ్చని నీటిని వంచేసి, మళ్ళీ నీళ్ళు పోసి, ఇలా మూడు నాలుగు సార్లు చేయండి. వంచిన నీటిని మొక్కల మొదట్లో గానీ చెరువులో గానీ పోయవద్దు. బాగా పలుచన చేసి మురుగు కాలువలో వదలండి. చివరి కడుగు తర్వాత తడి బూడిదను 60 మెష్ (అంటే అంగుళానికి 60 కన్నాలున్న), ఆపైన 80 మెష్ జల్లెడల్లో పట్టి, ఇటుకలమీద పరచిన గుడ్డలో ఆరబెడితే పని పూర్తయినట్టు.

కడగని బూడిదతోనూ గ్లేజు వస్తుంది, పొటాష్ పోదు కాబట్టి ఇంకా సులువుగా కరుగుతుంది కూడా. కానీ నీటిలో కరిగే ఆ లవణాలు పూత ఆరేటప్పుడు తేమతో పాటు అంచులకు చేరి, అక్కడ పొక్కులు, గరుకు మచ్చలు తెస్తాయి. పూత నీళ్ళు కూడా వారంలో గుణం మారిపోతాయి. మొదటి ఏడాది కడిగిన బూడిదతోనే పనిచేయమని నా సలహా. కడగని బూడిద తెచ్చే చారలమీద ఇష్టం పుడితే, అప్పటికి మీకు ఒక కొలబద్ద ఉంటుంది కాబట్టి ప్రయోగం చేయవచ్చు.

మట్టి

వేసవిలో చెరువులు ఎండినప్పుడు పూడిక మట్టి సులువుగా దొరుకుతుంది. ఊరి కుమ్మరి ఏ గట్టు మట్టి తెచ్చుకుంటారో అడిగితే సగం పని అయినట్టే. ఏ మట్టిలో జిగురు ఉందో, ఏ మట్టిలో సున్నపు గుళ్ళు ఉన్నాయో వారికి తరాలుగా తెలుసు. తెచ్చిన మట్టిని పూర్తిగా ఎండబెట్టి, గోళీలంత ముక్కలుగా కొట్టి నీళ్ళలో వేయండి. ఎండిన మట్టి నీటిలో తనంతట తానే విచ్చుకుంటుంది, తడిమట్టి మాత్రం ఎన్ని రోజులైనా ముద్దలా పడి ఉంటుంది. మరునాడు కలిపి 80 మెష్ జల్లెడలో పట్టి, ఆరబెట్టి, పొడి చేసుకోండి.

చిటికెడు మట్టిమీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసమని పొంగితే అందులో సున్నం ఉంది. కుండకు అది ప్రమాదం, గ్లేజుకు పరవాలేదు. ఆ మేరకు బూడిద తక్కువ పడుతుంది, అంతే. నల్లరేగడితో మరో చిక్కు ఉంది. అది నీటిని విపరీతంగా పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు అంతే కుంచించుకుపోతుంది. చేనులో బీటలు పడినట్టే కుండమీద పూతలోనూ బీటలు పడి, బట్టీలో అది ముడుచుకుపోతుంది. దీనికి మందు ఏమిటంటే, కావలసిన మట్టిలో సగాన్ని మట్టి మూకుడులో పోసి తొలి కాల్పులో, అంటే పూత పూయకముందు పాత్రలను కాల్చేటప్పుడు, 700 డిగ్రీల దాకా కాల్చడం. కాలిన మట్టి మరి కుంచించుకుపోదు, మిగతా పచ్చి సగం పూతను నీళ్ళలో తేలేలా, కుండకు అంటేలా చేస్తుంది.

ఇప్పుడు అసలైన పరీక్ష. స్టోన్‌వేర్ మట్టితో చిన్న గిన్నెలు చేసి, ఒకదానిలో మీ మట్టి బిళ్ళను, మరోదానిలో బూడిద బిళ్ళను పెట్టి, మీరు కాల్చబోయే వేడికే కాల్చండి. మట్టి బిళ్ళ గుండ్రంగా మెత్తబడి మెరిసిందా, అంచులు మాత్రమే మెత్తబడ్డాయా, ఇటుకలా మిగిలిందా అన్నది చూస్తే దానికి ఎంత బూడిద కావాలో ముందే ఊహించవచ్చు.

తొమ్మిది పలకల వరస

ఇతరుల పాళ్ళు ఇక్కడ పనిచేయవు. వారి బూడిద వేరు, వారి మట్టి వేరు. మీ బూడిద, మీ మట్టి ఎక్కడ కలుస్తాయో తెలుసుకోవడానికి వరస పరీక్ష ఒక్కటే దారి, దీన్ని దాటవేస్తే తర్వాత పది రెట్లు సమయం పోతుంది.

అరచేయి పొడవున్న తొమ్మిది పలకలను స్టోన్‌వేర్ మట్టితో చేసి, నిలబడేలా అడుగున కాలు పెట్టి, సగం భాగంలో గోరుతో గీతలు గీసి, 900 నుంచి 1,000 డిగ్రీల మధ్య తొలి కాల్పు కాల్చండి. పడుకోబెట్టిన పలకమీద ఏ గ్లేజైనా బాగానే కనిపిస్తుంది. జారే గుణం తెలియాలంటే పలక నిలువుగా ఉండాలి. వెనకవైపు అంకెలు రాయడానికి పెన్సిలు పనికిరాదు, కాలిపోతుంది. అరుగులకు పూసే జాజును నీళ్ళలో కలిపి సన్నని కుంచెతో రాస్తే, అందులోని ఇనుము వల్ల అంకె చెరిగిపోకుండా మిగులుతుంది.

ఒక్కో పలకకు 50 గ్రాముల పొడి చాలు. మొదటి గిన్నెలో 45 గ్రాముల బూడిద, 5 గ్రాముల మట్టి. రెండోదానిలో 40, 10. ఇలా ఐదేసి గ్రాములు మారుస్తూ తొమ్మిదో గిన్నెలో 5 గ్రాముల బూడిద, 45 గ్రాముల మట్టి. మొత్తంమీద ఒక్కొక్కటి 225 గ్రాములు పడుతుంది. గ్రాము వరకు సరిగా చూపే వంటింటి కాటా సరిపోతుంది. ప్రతి గిన్నెలో దాదాపు 45 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి, జల్లెడ పట్టి, పలకను మూడు సెకన్లు ముంచి తీయండి. కింది రెండు సెంటీమీటర్లు ఖాళీగా వదిలి, ప్రతి పలక కింద ఒక వ్యర్థపు మట్టి బిళ్ళ పెట్టండి.

1,260 నుంచి 1,280 డిగ్రీల దగ్గర కాల్చిన తర్వాత సాధారణంగా కనిపించేది ఇది. బూడిద నూటికి 80, 90 వంతులున్న పలకలమీద పూత పలుచగా జారి, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో అడుగున గుంటకట్టి ఉంటుంది. 70 నుంచి 50 మధ్యలో వాన నీరు గోడమీద పారినట్టు సన్నని ధారలు కనిపిస్తాయి. బూడిద గ్లేజుల అందం అంటే చాలామంది ఇదే అంటారు. 50 నుంచి 30 దాకా తేనె రంగు, ముదురు గోధుమ రంగు, నునుపు, నిలకడ వస్తాయి. అంతకంటే మట్టి పెరిగితే నల్లబడి, పొడిబారి, కరుకుదేలుతుంది. మీ మట్టి తనంతట తానే కరిగే రకమైతే నాలుగింట మూడు వంతుల మట్టితో కూడా నల్లగా నిగనిగలాడే పూత రావచ్చు. నచ్చిన రెండు పలకల మధ్యలో మళ్ళీ రెండేసి వంతుల తేడాతో మరో వరస చేస్తే మీ పాళ్ళు తేలిపోతాయి.

మూడో వస్తువు, ఊక బూడిద

రెండు వస్తువులతో తృప్తి కలగకపోతే మూడోదిగా ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు పొడి చేర్చండి. గూడూరు ప్రాంతపు అభ్రకం గనుల్లో అభ్రకంతో పాటే ఇదీ, పలుగురాయీ దొరుకుతాయి. 40 వంతుల ఫెల్డ్‌స్పార్, 40 వంతుల బూడిద, 20 వంతుల మట్టి అన్నది ప్రపంచమంతటా స్టోన్‌వేర్ కుమ్మరులు మొదటి అడుగుగా తీసుకొనే కొలత. త్రిభుజం మూడు మూలల్లో మూడు వస్తువులు పెట్టి, ఇరవై ఇరవై వంతుల తేడాతో కలిపితే 21 మిశ్రమాలు వస్తాయి. ఒక్క కాల్పుతో మీ వస్తువుల స్వభావం మొత్తం కళ్ళముందు ఉంటుంది.

ఊక బూడిద వాడాలంటే ముందు దాన్ని తెల్లబరచాలి. రైసు మిల్లు బాయిలరు బూడిద నల్లగా ఉంటుంది, అందులో కాలని కార్బన్ మిగిలి ఉంటుంది. మూకుడులో పోసి తొలి కాల్పులో మరోసారి కాల్చి, నీళ్ళు చేర్చి రోట్లో మెత్తగా నూరి, 100 మెష్ జల్లెడ పట్టండి. పొడిగా నూరవద్దు, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు శాశ్వతమైన హాని చేస్తుంది. ఫెల్డ్‌స్పార్, కట్టె బూడిద, ఊక బూడిద సమానంగా కలిపితే పాలమీగడలాంటి తెలుపు, కొన్నిచోట్ల లేత నీలి ఛాయ వస్తాయి. జపాన్‌లో దీన్ని నుకా గ్లేజు అంటారు. వారి నుకా అంటే తవుడు, మన నూక అంటే విరిగిన బియ్యం. మాటలు కలవడం కాకతాళీయమే గానీ రెండూ వరి నుంచే వచ్చాయి.

పూయడం

ఎంచుకున్న పాళ్ళను రెండు మూడు కిలోలుగా తూచి, నీళ్ళు తక్కువగా పోసి కలిపి, 80 మెష్ జల్లెడలో రెండుసార్లు పట్టి, రాత్రంతా నాననివ్వండి. మరునాడు కొద్దికొద్దిగా నీళ్ళు చేరుస్తూ, 100 మిల్లీలీటర్ల పూత ద్రవం 140 నుంచి 145 గ్రాములు తూగేదాకా సరిచేయండి. చేత్తో చూసి చిక్కదనం అంచనా వేయడం అనుభవంతో వస్తుంది, అందాకా కాటానే నమ్మండి. బూడిద ఎక్కువున్న పూత అడుగుకు దిగి రాయిలా గట్టిపడితే, నూటికి రెండు వంతుల బెంటొనైట్‌ను (నీళ్ళలో బాగా ఉబ్బే జిగురు మట్టి) వేరుగా నీళ్ళలో నానబెట్టి చేర్చాలి.

తొలి కాల్పు కాలిన పాత్రను తడి స్పాంజితో దుమ్ము లేకుండా తుడిచి, అడుగుకు మైనం పూసి, మూడు సెకన్లు ముంచండి. సూదితో గీరి చూస్తే పూత ఒక మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ ఉండాలి. చేతి తొడుగులు ఇక్కడా తప్పనిసరి.

మలి కాల్పు

600 డిగ్రీలు దాటేదాకా గంటకు 100 డిగ్రీలకు మించకుండా వెళ్ళండి, ఎందుకంటే 573 డిగ్రీల దగ్గర పలుగురాయి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆపైన గంటకు 150, చివరి 150 డిగ్రీలు మాత్రం గంటకు 60 నుంచి 80 మధ్య నడిపి, పై వేడిలో పావుగంట నిలపండి. వేడి కొలిచే మీటరుతో పాటు కోనులు, అంటే నిర్ణీత వేడికి మెత్తబడి వంగే చిన్న శంకువులు, కూడా పెట్టాలి. గంటకు 60 డిగ్రీల వేగంలో 9వ నంబరు కోను సుమారు 1,260 డిగ్రీల దగ్గర, 10వ నంబరు కోను సుమారు 1,285 దగ్గర వంగుతాయి. గ్లేజు వేడినే కాక ఆ వేడిలో గడిపిన సమయాన్ని కూడా లెక్కపెడుతుంది, కోనూ అలాగే లెక్కపెడుతుంది, మీటరు లెక్కపెట్టదు.

కరెంటు బట్టీలో గాలి సమృద్ధిగా ఉంటుంది కాబట్టి పసుపు, తేనె, గోధుమ రంగులు వస్తాయి. గ్యాసు లేదా కట్టెల బట్టీలో 1,000 డిగ్రీల తర్వాత గాలి తగ్గించి పొగమంట పెడితే, ఇనుము ఆక్సిజన్‌ను పోగొట్టుకొని, ఇనుము తక్కువున్న పూతలు బూడిద రంగు కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. 1971లో పుదుచ్చేరిలో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ దక్షిణాదిన కట్టెలతో కాల్చే స్టోన్‌వేర్‌కు పుట్టిల్లు లాంటిది. సరుగుడు కట్టె పొడవైన మంటనిస్తుందన్నది ఆ తీరంలో స్థిరపడిన అనుభవం. బట్టీ 150 డిగ్రీలకు దిగేదాకా తలుపు తెరవవద్దు.

పూత జారి బట్టీ పలకకు అంటుకుంటే మట్టిని ఐదు వంతులు పెంచండి, లేదా పూతను పలుచన చేయండి. ముడుచుకుపోతే పాత్రమీద దుమ్మో, కుంచించుకుపోయే మట్టో కారణం. పొడిబారి గరుకుగా మిగిలితే బూడిద చాలలేదు, లేదా వేడి చాలలేదు. వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్ళు వస్తే ఊక బూడిద గానీ పలుగురాయి పొడి గానీ ఐదు నుంచి పది వంతులు చేరిస్తే చాలావరకు పోతాయి.

తినే పాత్రల విషయంలో

సున్నం మరీ ఎక్కువై సిలికా తక్కువైన బూడిద గ్లేజులను పులుపు తినేస్తుంది. కాబట్టి ధారలు పారే అందమైన పూతను పాత్ర వెలుపలికే ఉంచి, లోపలికి మట్టి, సిలికా ఎక్కువున్న నున్నని పూత వాడండి. పరీక్ష పలకమీద నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచి, ఉదయం కడిగి చూడండి. మెరుపు తగ్గినా రంగు పాలిపోయినా ఆ పూత పచ్చళ్ళకు పనికిరాదు. అది నెగ్గితే వెనిగర్‌లో మూడు రోజులు ఉంచి మళ్ళీ చూడండి. అమ్మకానికి చేసేవారు ప్రయోగశాలలో సీసం పరీక్ష కూడా చేయించాలి. తక్కువ వేడిలో కరగాలని సింధూరం, అంటే సీసపు భస్మం, కలపమని ఎవరైనా చెబితే వినవద్దు; తినే పాత్రలో సీసానికి చోటు లేదు. ఆవకాయలో ఉప్పు, పులుపు, నూనె మూడూ ఏడాది పొడవునా ఉంటాయి. కాబట్టి కొత్త జాడీలో మొదట నీళ్ళు నింపి ఒక రోజు కాగితంమీద పెట్టి, అడుగున తడి మరక పడలేదని చూసుకున్న తర్వాతే పచ్చడి పెట్టండి.